బోర్డుకి ముఖం ఎటు?

ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఆ రోజుల్లో, ఏ విషయాన్నయినా వరసలో పెట్టి రాసుకుంటే తప్ప నాకు నమ్మకం కుదిరేది కాదు. ఆ అలవాటు వల్లే ఇప్పటికీ చెప్పగలను. ఆ సోమవారం పొద్దున ఫిలింనగర్‌లోని మా ఎడిటింగ్ ఆఫీసులో, మూడో అంతస్తు గదిలో ఉన్న మనుషులు ముగ్గురు: నేను, మా మేనేజర్ బాబాయ్, అసిస్టెంట్ ఎడిటర్‌గా పనిచేసే యూసుఫ్‌గూడ అక్క. నాలుగో మనిషి మా ఎడిటర్ గారు. ఆయనకి మోకాలి ఆపరేషన్ అయి మెట్లెక్కకూడదన్నారు గనక కింది అంతస్తులో కుర్చీలో కూర్చుని ఫోన్ స్పీకర్‌లోంచి హాజరయ్యారు. ఇక వస్తువులు: సినిమా మొత్తం దాచిన హార్డ్ డిస్కుల పెట్టె, అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ బోర్డు, అది కూర్చునే ప్లాస్టిక్ డబ్బా, నా లాప్‌టాప్, గోడలోంచి కింది అంతస్తుకి వెళ్ళే నెట్‌వర్క్ వైరు, కొబ్బరికాయ, నిమ్మకాయలు, అరటిపండ్లు, అగరుబత్తులు, కుంకుమ భరిణె, సానరాయి, గంధపు చెక్క. (ఇందులో మొదటి అయిదే పనికి సంబంధించినవనీ, మిగతావి సాంకేతికంగా లెక్కలోకి రావనీ అప్పట్లో నా అభిప్రాయం.)

ఇంత చిన్న కంప్యూటర్‌తో ఒక సినిమాకేం పని అని మీరు అడగొచ్చు. మా ఆఫీసు ఒకప్పుడు ఎవరో కట్టుకున్న ఇల్లు. వంటింట్లో డబ్బింగ్, పడకగదిలో ఎడిటింగ్, పూజగదిలో అకౌంట్స్. లిఫ్ట్ లేదు. ఎడిటర్ గారి మోకాలి కోసం ఆయన ఎడిటింగ్ మిషన్ని కిందికి దించారు. డిస్కుల పెట్టె మాత్రం తాళం వేసిన మూడో అంతస్తు గదిలోనే ఉండాలని నిర్మాత ఆజ్ఞ. సినిమా బయటికి పొక్కుతుందని ఆయన భయం. డిస్కులు పైన, ఎడిటర్ కింద. మధ్యలో బొమ్మని మోసుకొచ్చే పని ఎవరో ఒకరు చెయ్యాలి. దానికి పెద్ద సర్వర్ అద్దెకి తెద్దామని అందరూ అనుకుంటున్నప్పుడు, చేరి రెండు నెలలైనా కాని నేను లేచి, "అవసరం లేదండీ, ఒక్క చిన్న బోర్డు చాలు" అన్నాను. ఎవరూ నన్ను అడగలేదు. అయినా అన్నాను. ఆ వయసులో నాకు తెలిసిన సంగతి ఎవరూ అడక్కుండా ఉండటం అన్యాయంగా తోచేది.

ఆదివారమంతా టోలిచౌకిలో నా కిరాయి గదిలో ఆ బోర్డుని పరీక్షించాను. వైరులో సెకనుకి ఎంత సమాచారం పోతుందో మెగాబిట్లలో కొలుస్తారు. పెట్టె మీద రాసుకునేది వెయ్యి, నిజంగా చేతికందేది తొమ్మిది వందల నలభై చిల్లర. మిగిలింది దారిఖర్చు. నాకు తొమ్మిది వందల నలభై ఒకటి వచ్చింది. పది సార్లు కొలిచినా అదే. సినిమా ఆగకుండా నడవడానికి నాలుగు వందలు చాలు. అంటే నాకొచ్చింది రెట్టింపు కన్నా ఎక్కువ. ఆ సంతోషంతో, కొలవడానికి వాడిన గజం పొడవు వైరుని చుట్టి సంచిలో పెట్టుకుని సోమవారం ఆఫీసుకొచ్చాను.

మా మేనేజర్ బాబాయ్‌ది గోదావరి వైపు. ఫిలింనగర్‌లో ఆయన చూడని సినిమా ఆఫీసు లేదు, ఆయన కొబ్బరికాయ కొట్టని మిషన్ లేదు. కెమెరా అయినా, కుర్చీ అయినా, కాఫీ మిషన్ అయినా ఆయన నియమం ఒక్కటే: ముందు బొట్టు, తర్వాత కరెంటు. గంధం కూడా పొడి కలిపి పెట్టేవారు కాదు. సానరాయి మీద స్వయంగా తీసి, వెన్నలా చిక్కగా చేసేవారు. ఆ రోజు ఉంగరం వేలి మీద అంత గంధం తీసుకుని, డబ్బాలో కూర్చున్న నా బోర్డు చుట్టూ ఒకసారి తిరిగి ఆగారు.

"అబ్బాయ్, దీనికి ముఖం ఎటు?"

"ముఖమేంటి బాబాయ్?"

"అదేనయ్యా. కారుకైతే ముందు భాగం ఉంటుంది, కెమెరాకైతే లెన్సు ఉంటుంది. దీనికి అన్ని వైపులా ఒకలాగే ఉంది. వీపుకి బొట్టు పెడితే దోషం కదా!"

సరైన ప్రశ్నకి సరైన జవాబు ఇవ్వడం ఇంజినీరు ధర్మం అని నేను నిజంగానే కాసేపు ఆలోచించాను. బోర్డుకి ఒక వైపు నెట్‌వర్క్ సాకెట్, డిస్కులు గుచ్చే సాకెట్లు వరసగా నోళ్ళు తెరుచుకుని ఉంటాయి. "ఇదిగో, ఈ వైపు బాబాయ్. రాకపోకలన్నీ ఇటు నుంచే" అని చూపించాను. ఆయన సంతోషించారు. "అంటే నోరూ ముక్కూ ఇటే అన్నమాట. నుదురు కొంచెం ఇరుగ్గా ఉంది. పరవాలేదు, సర్దుతాను" అన్నారు. యూసుఫ్‌గూడ అక్క నవ్వాపుకోలేకపోయింది. "ఏంది బాబాయ్, నుదురు దొరకకుంటే నోట్ల పెడ్తవా బొట్టు?" అంది. "నువ్వు ఊరుకోవమ్మా, శుభమా అని పూజ చేస్తుంటే!" అని బాబాయ్ ఉన్న చోటే సర్దేశారు. గంధం, దాని మీద కుంకుమ, పైన నాలుగు అక్షింతలు. (ఒక బియ్యపుగింజ డిస్కు సాకెట్లో పడితే దాన్ని మాత్రం పిన్నుతో జాగ్రత్తగా తీశాను. అంతటి పరిశీలకుణ్ణి.) ఫోన్‌లోంచి ఎడిటర్ గారు, "అయిందాండీ పెళ్ళి? మేళం ఒక్కటే తక్కువ" అన్నారు. హారతి కళ్ళకద్దుకుని, బోర్డుని గోడ వైపు తిప్పి, చేత్తో తడుముతూ గోడవైరుని సాకెట్లో గుచ్చి కొలిచాను.

తొంభై నాలుగు వచ్చింది.

తొమ్మిది వందల నలభై ఒకటికి తొంభై నాలుగు. కింద మిషన్ మీద బొమ్మ నాలుగడుగులు వేసి నిలబడేది, మళ్ళీ నాలుగడుగులు వేసేది. ఎడిటర్ గారు ఫోన్ చేసి, "ఏవయ్యా ఇంజినీరూ, మన హీరో నడుస్తున్నాడా, నడుద్దామా వద్దా అని ఆలోచిస్తున్నాడా?" అని అడిగారు. "సర్దుబాట్లు చేస్తున్నానండీ, సాయంత్రానికి పరుగెడతాడు" అన్నాను. ఆ సాయంత్రం వరకూ నేను చేసిన సర్దుబాట్లు ఇవి: ప్యాకెట్ సైజు పెంచాను, తగ్గించాను, బఫర్లు రెట్టింపు చేశాను, నెట్‌వర్క్ పనిని ప్రాసెసర్‌లో ఒక కోర్ నుంచి ఇంకో కోర్‌కి మార్చాను, కరెంటు పొదుపు చేసే సదుపాయాన్ని ఆపేశాను. ప్రతి మార్పుకీ ముందూ వెనకా కొలిచాను. ముందు తొంభై నాలుగు, వెనక తొంభై నాలుగు. ఒకసారి తొంభై నాలుగు పాయింట్ రెండు వస్తే, ఆ పాయింట్ రెండు ఎక్కడినుంచి వచ్చిందా అని టీ కూడా తాగకుండా ఆలోచించాను. కింద తెర మీద తల్లి పాత్ర కన్నీటి బొట్టు చెంప మధ్యలో ఆగిపోయి ఉంది. "రేపటికైనా జారుతుందా?" అని మాత్రం అడిగి ఎడిటర్ గారు ఇంటికెళ్ళారు.

మర్నాడు నేను కిందికెళ్ళేసరికి ఆయన కాలు స్టూలు మీద పెట్టుకుని కూర్చున్నారు. మామూలుగా నన్ను చూడగానే ఏదో ఒక మాట విసిరేవారు. ఆ రోజు విసరలేదు. "శుక్రవారం డైరెక్టర్ వస్తున్నాడు. మొదటి సగం చూస్తాడట" అన్నారు. "చూపించలేకపోతే డిస్కులు శ్రీనగర్ కాలనీకి వెళ్ళిపోతాయి. అక్కడ ఇంకో ఎడిటర్‌తో నిర్మాత మాట్లాడేశాడు. తప్పేం లేదు, ఆయన తేదీలు ఆయనవి." మోకాలి మీద కట్టు సవరించుకున్నారు. "మోకాలు అతుక్కుంటుందయ్యా. చేతిలోంచి జారిన సినిమా అతుక్కోదు. కాలు బాగాలేక ఒక సినిమా మానేశాడంటే, ఈ ఊళ్ళో ఇక పని మానేశాడనే అనుకుంటారు. ఫోన్ మోగదు." ఆయన దీన్ని వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పారు. నేను తలూపి పైకెళ్ళాను. పెద్ద సర్వర్ వద్దన్నది నేనేనని ఆయన ఒక్కసారీ గుర్తుచెయ్యలేదు. చేసి ఉంటే కొంచెం తేలికగా ఉండేది.

ఆ రోజు నాకు కొంత తెలివి వచ్చింది. నెట్‌వర్క్ వైరు లోపల ఎనిమిది సన్నటి తీగలుంటాయి. వెయ్యి వేగానికి ఎనిమిదీ పనిచెయ్యాలి. ఏ ఒక్కటి తగలకపోయినా రెండు పక్కల మిషన్లూ రాజీపడి, నాలుగు తీగలతో వంద దగ్గర ఆగిపోతాయి. అందుకే తొంభై నాలుగు. అంటే జబ్బు సర్దుబాట్లలో లేదు, తీగల్లో ఉంది. ఆదివారానికీ సోమవారానికీ మధ్య ఏం మారింది అని నన్ను నేను ప్రశ్నించుకున్నాను. ఆదివారం గజం వైరు, సోమవారం గోడవైరు. జవాబు దొరికిందని గర్వపడ్డాను. బుధవారం కొత్త వైరు తెప్పించి మెట్ల మీదుగా కిందికి లాగించాను. గుచ్చబోతుండగా వెనక నుంచి, "ఆగాగు" అని వినిపించింది. బాబాయ్ గంధం గిన్నెతో నిలబడి ఉన్నారు. "కొత్త వస్తువు కదా. పాత వైరుకి బొట్టు పెట్టలేదు, అందుకే అది మొరాయించింది" అని వైరు రెండు తలలకీ, అంటే రెండు చివర్ల ప్లగ్గులకీ, శ్రద్ధగా బొట్టు పెట్టారు. కొలిచాను. తొంభై నాలుగు.

గురువారం బోర్డునే మార్చాను. కొత్త బోర్డు డబ్బాలోకి ఎక్కిందో లేదో బాబాయ్ వచ్చారు. "కరెంటు పెట్టి ఒక్కసారి చూస్తాను బాబాయ్, రెండు నిమిషాలు" అన్నాను. "ముందు బొట్టు. ఈసారి గుడి నుంచి కుంకుమ కూడా తెచ్చాను. నీ బోర్డుకి దిష్టి తగిలిందయ్యా" అన్నారాయన. ముఖం ఎటో ఈసారి నన్ను అడగలేదు. ఆయనకి తెలుసు. గంధం కూడా మొన్నటికంటే దట్టంగా పట్టించారు. తొంభై నాలుగు. యూసుఫ్‌గూడ అక్క నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, "తమ్మీ, గోడల వైరు తీసేసినవ్, కొత్త వైరు తెచ్చినవ్, బోర్డు మార్చినవ్. ఇంక మిగిలింది నువ్వే. నిన్ను మారుస్తరేమో జర జూస్కో" అంది. తర్వాత నా మొహం చూసి, "ఫికర్ చెయ్యకు, టిఫిన్ తిను ముందు" అని తన డబ్బా నా వైపు తోసింది.

శుక్రవారం పదకొండింటికి డైరెక్టర్ రావాలి. పదింటికి నాకు ఇక చెయ్యడానికి ఏమీ తోచక, ఆదివారం చేసిన పనే మళ్ళీ చేద్దామనుకున్నాను. సంచిలోంచి గజం వైరు తీసి బోర్డుకీ లాప్‌టాప్‌కీ గుచ్చాను. ఆదివారం తొమ్మిది వందల నలభై ఒకటి ఇచ్చిన వైరు. అప్పుడూ తొంభై నాలుగే వచ్చింది. నేను వైరు పీకి, ప్లగ్గుని కంటికి దగ్గరగా పెట్టుకున్నాను. కన్ను ఏదీ గమనించక ముందే ముక్కు గమనించింది. మంచి గంధం వాసన. ప్లగ్గు చివర ఎనిమిది రాగిరేకుల మీద పసుపుపచ్చటి పూత. ఆ వైరు సోమవారం నుంచీ నా సంచిలోనే ఉంది. దానికి పూజ జరగలేదు. మరి గంధం ఎక్కడిది? ఫోన్ లైటు వేసి బోర్డు సాకెట్లోకి చూశాను. లోపల పై అంచున వరసగా ఉండాల్సిన తీగల్లో సగం కనిపించలేదు. ఎండిన గంధం గోడకి వేసిన సున్నంలా వాటిని కప్పేసి ఉంది. ఆ గోడ మీద కుంకుమ.

నా చెయ్యి నేరుగా స్పిరిట్ సీసా మీదికీ, దూది పుల్లల మీదికీ వెళ్ళింది. నా చేతి మీదికి బాబాయ్ చెయ్యి వచ్చింది.

"ఏం చేస్తున్నావు?"

"గంధం తీగల మీద పడింది బాబాయ్. తుడిచేస్తే సరిపోతుంది."

"శుక్రవారం పూట బొట్టు తుడుస్తావా!" అన్నారు బాబాయ్. "ఈ ఆఫీసులో ఇన్నేళ్ళలో ఏ మిషన్‌కీ బొట్టు చెరపలేదు. అందులోనూ సినిమా చూపించే రోజు. ఎడిటర్ గారికి జరగరానిది ఏదైనా జరిగితే? నువ్వు చదువుకున్నవాడివి, నీకేం తెలియదు. నేను ఒప్పుకోను."

"నాలుగు తీగలు మూసుకుపోయాయి బాబాయ్..."

"మూసుకుపోతే దేవుడే తెరుస్తాడు."

"దేవుడు తెరిసేలోపు డైరెక్టర్ సార్ వస్తడు బాబాయ్" అంది అక్క. అంతలో ఆమె ఫోన్ మోగింది. డైరెక్టర్ జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దాటాడట. బాబాయ్ కోపంతో కాదు, భయంతో అడ్డుపడుతున్నారని నాకప్పుడు అర్థం కాలేదు. ఎడిటర్ గారి సినిమా పోకూడదని ఆ ఆఫీసులో అందరికన్నా ఎక్కువ మొక్కుకున్నది ఆయనే. నేను సీసా వదల్లేదు, ఆయన నా మణికట్టు వదల్లేదు. ఇద్దరం అలాగే నిలబడి ఉండగా, కింది నుంచి ఫోన్ స్పీకర్‌లో అంతా వింటున్న ఎడిటర్ గారు దగ్గారు.

"మేనేజర్ గారూ, ఒక్క మాట. గుళ్ళో స్వామికి గంధం పూస్తారు గదా. మర్నాడు దాన్నేం చేస్తారండీ?"

"అభిషేకం చేస్తారు."

"అంటే తుడిచేస్తారా?"

"ఛఛ, తుడవడమేంటండీ! అభిషేకంలో అదే పోతుంది. మళ్ళీ కొత్తగా అలంకారం చేస్తారు."

"మరి మనవాడూ అదే చేస్తానంటున్నాడు. మాట చెప్పడం చేతకాదంతే."

బాబాయ్ నా మణికట్టు వదిలి సీసా వైపు చూశారు. "ద్రవ్యం ఏంటి?" అన్నారు. "ఆల్కహాల్ బాబాయ్" అన్నాను. (నిజమే చెప్పాలనే జబ్బు.) ఆయన మళ్ళీ నా చెయ్యి పట్టుకోబోయారు. అక్క మధ్యలోకి వచ్చి, "గది తాగేది కాదు బాబాయ్! సూది ఇచ్చే ముందు డాక్టర్లు దూదితోటి రాస్తరే, గది. సుద్ధమైంది" అంది. డాక్టర్లు వాడేదైతే అభ్యంతరం లేదన్నారు. కానీ బోర్డు ముఖం పడమటికి ఉంది, తూర్పుకి తిప్పమన్నారు. తిప్పాను. నన్ను చెప్పులు విప్పమన్నారు. విప్పాను. కరెంటు తీసేసి, ఆయన పక్కన నిలబడి గంట వాయిస్తూ మంత్రం చదువుతుంటే, నేను దూది పుల్లని స్పిరిట్‌లో ముంచి సాకెట్లోనూ, వైరు పై చివరా ఒక్కొక్క తీగకీ అభిషేకం చేశాను. దూది పచ్చగా వచ్చినప్పుడల్లా ఆయన గొంతు పెంచేవారు. వైరు కింది చివరా, ఎడిటర్ గారి మిషన్ సాకెట్టూ అక్క చూసుకుంది. "కింద నేను చేస్త, మంత్రం ఫోన్ల వినిపియ్యి బాబాయ్" అంటూ పుల్లలు పట్టుకుని మెట్లు దిగింది. ఆఖరున బాబాయ్ మళ్ళీ గంధం తీసుకుని నా వైపు చూశారు. ఈసారి నేను తొందరపడలేదు. "నుదురు పై మూత మీద బాబాయ్" అన్నాను. "ఆ మాట మొదటి రోజే చెప్పొచ్చుగా" అని ఆయన మూత మధ్యలో గుండ్రంగా, హాయిగా బొట్టు పెట్టారు. ఆయన తప్పేముంది? అడిగారు, నేను చెప్పాను.

కరెంటు పెట్టి, వైరు గుచ్చి కొలిచాను.

"ఎంతయ్యా?" అన్నారు ఎడిటర్ గారు ఫోన్‌లో.

"తొమ్మిది వందల నలభై ఒకటి అండీ."

"నాకర్థమయ్యేట్టు చెప్పు."

"హీరో నడుస్తాడండీ."

ఫోన్‌లోంచి కుర్చీ జరిగిన చప్పుడు, ఆ తర్వాత ఎవరో తలుపు తెరిచిన చప్పుడు వినిపించాయి. లాప్‌టాప్ పట్టుకుని నేనూ, బాబాయ్ కిందికి దిగాం. డైరెక్టర్ వచ్చేశాడు. నా వయసువాడే, మొదటి సినిమా, కళ్ళ కింద నల్లటి చారలు. లైట్లు తీశారు. అందరూ తెర వైపు చూశారు. బాబాయ్ డైరెక్టర్ మొహం వైపు చూశారు. నేను ఎడిటర్ గారి మిషన్ వెనక మిణుకుమిణుకుమనే చిన్న లైటు వైపు చూశాను. తల్లి కన్నీటి బొట్టు చెంప దాటి గడ్డం మీదికి జారింది. కొంచెం సేపయ్యాక డైరెక్టర్, "సార్, ఇక్కడ బాగా నెమ్మదిగా వెళ్తోంది" అన్నాడు. లాప్‌టాప్ పట్టుకుని లేచాను. ఎడిటర్ గారు వెనక్కి తిరక్కుండానే నా చొక్కా పట్టి లాగి, "కూర్చోవయ్యా. అది నీ వైరు కాదు, వాళ్ళ రచయిత" అన్నారు. చీకట్లో మొదట నవ్వింది డైరెక్టరే. డిస్కులు శ్రీనగర్ కాలనీకి వెళ్ళలేదు. సినిమా ఆఖరి వరకూ ఎడిటర్ గారి దగ్గరే ఉంది.

ఇప్పుడు నేను పనిచేసే చోట మిషన్లు అద్దాల గదిలో ఉంటాయి. వాటికి ఎవరూ కొబ్బరికాయ కొట్టరు. వేగం మొదటి కొలతలోనే సరిగ్గా వస్తుంది, రాకపోతే ఎందుకు రాలేదో చెప్పే సాఫ్ట్‌వేర్ కూడా ఉంది. నేను మాత్రం కొత్త బోర్డు పెట్టె విప్పగానే ముందు సాకెట్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తాను. పక్కవాళ్ళు ఇదేదో అనుభవజ్ఞుల పరీక్ష అనుకుని తామూ చూస్తారు. వాళ్ళకి ప్లాస్టిక్ వాసన తప్ప ఏమీ రాదు. నాకూ రాదు, రానందుకు ఎప్పుడూ కొంచెం వెలితిగానే ఉంటుంది. ఆ గంట చప్పుడులో, చెప్పులు విప్పి, తూర్పుకి తిరిగి దూది పుల్లతో నిలబడ్డ ఆ కుర్రాడు గుర్తొస్తాడు. ఆ వారమంతా ప్రతి కొలతనీ వరసగా రాసిపెట్టుకున్నాడు పాపం. అందులో చివరి వరస ఇది. మొదటి సగం నిడివి: గంటా పద్దెనిమిది నిమిషాలు. బొమ్మ ఆగిన చోట్లు: సున్నా.